జనరల్ అడగని కొడుకు

రష్యా సైన్యంతో మేం దాగెస్తాన్ కొండలవాళ్ళం ముప్పై ఏళ్ళు కొట్లాడాం. ఓసారి మా ఊరు ఓడింది. మళ్ళీ తిరగబడకుండా పెద్దింటి కొడుకునొకణ్ణి జామీనుగా పట్టుకుపోతానన్నాడు వాళ్ళ జనరల్. పక్కింటావిడ చకార్ కొడుకుని, ఏడేళ్ళవాణ్ణి, ఎంచుకున్నాడు.

మా మేనత్త కిస్తమన్‌కి ఒళ్ళు మండిపోయింది. "వాళ్ళింటికి మనిల్లు ఏం తీసిపోయింది?" అంది.

"కొడుకు దక్కాడు, సంతోషించవే పిచ్చిదానా!" అన్నాడు మామయ్య గితినావ్.

"నీళ్ళకొస్తే చకార్‌కి అందరూ దారిస్తున్నారు. నన్నెవరు చూస్తున్నారు?"

ఆ కుళ్ళు ఆమెను ఆరేళ్ళు తినేసింది. చకార్ ఏడ్చినా గొప్పలకే ఏడుస్తోందనేది.

వాణ్ణి పట్టుకుపోయిన ఏడో ఏట చకార్ కొడుకు తిరిగొచ్చాడు. కాళ్ళకి మెరిసే బూట్లు, నోట్లో మా కొండభాష మాట ఒక్కటీ లేదు. ఓ మధ్యాహ్నం గొర్రె తప్పిపోయిందని కిస్తమన్ కొడుకుని తిడుతుంటే చకార్ గోడవతల నిలబడి వింది.

"నీ తిట్లు వాడికి అర్థమవుతాయి వదినా. నిన్ను చూస్తే కుళ్ళుతో నా కడుపు మండుతోంది," అంది.

ఆ మాటకి మొదట సంతోషమే వేసిందట మా అత్తకి. వెంటనే సిగ్గేసి, చకార్‌ని లోపలికి పిలిచి రొట్టె పెట్టింది.

"రేపట్నించి మీవాణ్ణి మావాడితో గొర్రెల వెంట పంపు. ముందు తిట్లొస్తాయి, తర్వాత మాటలొస్తాయి," అంది.