కల్లు లేని ఆప్పం

నా చిన్నప్పుడు మా ఇంటి అరుగు పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా మాది కాదు, ఆప్పాలమ్మది. ఆ వేళలో బయటికి పోవాలంటే ఆమె పొయ్యి పక్కనుంచి పావడ ఎత్తిపట్టుకుని, గోడకు ఒరుసుకుంటూ పోవాల్సిందే. విసుక్కున్నామంటే మా అవ్వ లోపలినుంచి కసిరేది. ఆమెను కాదు, మమ్మల్ని.

పుదుచ్చేరిలో మిల్లు చుట్టూ పుట్టుకొచ్చిన వీధుల్లో మాదొకటి. మా ముత్తాతల కాలంలో పనికోసం వచ్చి అక్కడే నిలిచిపోయిన తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఈ రాస్తున్న అక్షరాలు కూడా నేను పెళ్ళయ్యాక మా ఆయన దగ్గర దిద్దుకున్నవే. వీధిలో మావాళ్ళే ఎక్కువ. చర్చికి పోయేవాళ్ళు నాలుగైదు ఇళ్ళు, సాయిబులు రెండు మూడు ఇళ్ళు ఉండేవాళ్ళు. కలిసి ఉండేవాళ్ళం అని ఇప్పుడందరూ గొప్పగా చెబుతారు గానీ, అంత గొప్పేమీ లేదు. ఒకే కొళాయి కాబట్టి కలిసి నిలబడేవాళ్ళం, అంతే.

ఆప్పాలమ్మ చర్చికి పోయే మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. వయసులో ఉన్నప్పుడు ఆమె, మా అవ్వ మిల్లులో పత్తి ఏరే చోట పక్కపక్కన కూర్చునేవాళ్ళట. ఆ స్నేహంతోనే అవ్వ ఆమెకు అరుగు ఇచ్చింది. రెండు ఇనుప చట్లు, రెండు మూతలు, ఒక గిన్నె నిండా కొబ్బరిపాలు, ఇదీ ఆమె హోటలు. అంచు కరకరలాడుతూ, నడిమధ్య దూదిలా ఉబ్బి ఉండేది ఆ ఆప్పం. మిల్లు షిఫ్టు దిగినవాళ్ళు, సముద్రం వైపు ఫ్రెంచివాళ్ళు కట్టిన వైట్ టౌన్‌లోని ఆఫీసులకు సైకిళ్ళ మీద పోయేవాళ్ళు ఒక కాలు నేలకు ఆనించి తినేసి పోయేవాళ్ళు. గుడ్డు కొట్టి పోసిన ఆప్పం కూడా ఉండేది. కానీ ఆషాఢం వేళకు వచ్చే తమిళుల ఆడి నెలలో మా వీధి అమ్మవారికి ఉత్సవం జరిగి, జనం దీక్షగా చేతులకు పసుపుదారం కట్టుకునే ఆ పది రోజులూ ఆమె గుడ్డు ముట్టుకునేది కాదు. ఎవరూ చెప్పకుండానే మానేసేది.

ఇక నేను చేసిన నిర్వాకం చెప్పాలి. అప్పుడు నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. ఉత్సవానికి కొత్త పావడ కుట్టించుకోవడానికి మేమంతా బాయి అని పిలిచే టైలరు సాయిబు దుకాణంలో నిలబడి ఉన్నాను. ఆయన మా వీధికి వచ్చి మూడేళ్ళయిందేమో, తమిళనాడు లోపలి ఊళ్ళవాడు. పళ్ళు లేని ముసలితల్లి ఉండేది ఆయనకు. పొద్దున ఆప్పాలమ్మ దగ్గర కొన్న రెండు ఆప్పాలు కొబ్బరిపాలలో నానబెట్టి పెడితే తప్ప ఆమె ఇంకేమీ తినేది కాదు. ఆ సంగతే చెబుతున్నాడు బాయి, నా నడుము కొలత తీసుకుంటూ. అంత మెత్తగా ఎట్లా వస్తుందో, తన భార్య ఎంత ప్రయత్నించినా రాలేదట. నాకు తెలుసని చెప్పకుండా ఉండగలనా? పెద్ద ఆరిందాలాగా చెప్పేశాను. ఆప్పాలమ్మ రాత్రి పిండిలో గ్లాసుడు కల్లు పోసి కలుపుతుంది, అందుకే అంత మెత్తన అని.

మా ఊళ్ళో అది వింత కాదు. కల్లు దుకాణాలు బాహాటంగా ఉండే ఊరు మాది, ఆప్పం పిండిలో కల్లు పోయడం పాతకాలం పద్ధతి. ఆయన వచ్చిన ఊళ్ళలో కల్లు దొరకదు, అక్కడ సోడా ఉప్పు వేసుకుంటారు. అందుకని ఆయనకు ఆ అనుమానమే రాలేదు. నా మాట వినగానే టేపు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. మూడేళ్ళు తన తల్లికి ఏం తినిపించాడో ఆయనకు ఆ క్షణంలో తెలిసింది. అది నాకు అప్పుడు అర్థం కాలేదు. మెచ్చుకుంటాడేమోనని ఇంకా మొహంలోకే చూస్తున్నాను.

అదే బెంచీ మీద గుమాస్తా తాత కూర్చుని ఉన్నాడు. సర్కారు ఆఫీసులో గుమాస్తాగా రిటైరై, ఆ ఏడే ఉత్సవ కమిటీకి పెద్ద అయ్యాడు. ఆయన మాత్రం లేచి నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున బాయి గిన్నె పట్టుకుని రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడోనాడు కమిటీవాళ్ళు నలుగురు మా ఇంటికి వచ్చారు. దారం కట్టుకున్నవాళ్ళు తినే ఆప్పంలో కల్లు కలుస్తోందనీ, ఆమె పొయ్యి అక్కడ ఉండకూడదనీ, ఉత్సవమయ్యాక కూడా ఉండకూడదనీ చెప్పారు. సాయిబులు కూడా వద్దంటున్నారు, ఇద్దరం ఒక్కమాట మీద ఉన్నాం అన్నాడు గుమాస్తా తాత. అంతవరకు బాయిని పలకరించి ఎరగడు ఆయన, బట్టలు కుట్టించుకోవడానికి తప్ప. పొయ్యి తీయించకపోతే ఆఖరిరోజు ఊరేగింపు మా గడప ముందు ఆగదని కూడా చెప్పారు.

ఆ మాట బరువు తెలియాలంటే మా వీధిలో పుట్టి ఉండాలి. అమ్మవారు ప్రతి గడప ముందూ ఆగుతుంది. ఆ ఇంటివాళ్ళు బిందెతో నీళ్ళు పోసి, హారతి ఇస్తారు. తాగుబోతు ఇంటి ముందూ ఆగుతుంది, పోలీసులు పట్టుకుపోయినవాడి ఇంటి ముందూ ఆగుతుంది. ఆగలేదంటే ఆ ఇల్లు వీధిలో లేనట్టే. మా నాన్న మొహం పాలిపోయింది. మనకెందుకమ్మా ఈ రభస, ఆమెను ఇంకో చోటు చూసుకోమందాం అన్నాడు. ఇంకో చోటు లేదని ఆయనకూ తెలుసు. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో, ఆమెకు మా అరుగు పోతే అడుక్కోవడమే మిగులుతుంది. ఆప్పాలమ్మ చట్లు తోమి, బోర్లించి, వెళ్ళిపోయింది.

నేను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మంచం కింద దూరి కూర్చున్న నన్ను అవ్వ చెయ్యి పట్టుకుని బయటికి లాగింది.

"అబద్ధం చెప్తివా ఏంది, ఈడ దాంకునేదానికి? నిజమే చెప్తివి. గొప్పకు చెప్తివి, అదే నీ తప్పు. లెయ్, బాయి ఇంటికి పోదాం."

బాయి ఇంట్లో అవ్వ చాప మీద కూర్చుని, మా పిల్ల చెప్పింది నిజమే నాయనా అంది ముందుగా. నీకు చెప్పాల్సింది, చెప్పలేదు, అది మా తప్పు అంది. ఎవరి ముందూ తల వంచని మనిషి, తనకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడి ముందు ఆ మాట అంటుంటే నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది. బాయి తల దించుకుని, ఆమెను పంపేయమని నేనెవరికీ చెప్పలేదమ్మా, నేను కొనడం మానేశాను అంతే అన్నాడు. అప్పుడు అవ్వ అడిగింది.

"కల్లు లేకుండా పోస్తే తింటావా?"

బాయి వెంటనే, తింటాను అన్నాడు. లోపలినుంచి ఆయన తల్లి గొంతు, నేను తింటాను, ముందు నాకు పెట్టండి అంది. ఐదు రోజులుగా గంజి మీద ఉందట పాపం.

అవ్వ ఆప్పాలమ్మను మళ్ళీ పిలిపించింది. అక్కడినుంచి మా ఇంట్లో ఒకటే హడావుడి. మొదటిరోజు సోడా ఉప్పు వేశారు. ఆప్పం పసుపుపచ్చగా తేలి, సబ్బు వాసన కొట్టింది. అది నాకే పెట్టారు, నోరు మూసుకుని తిన్నాను. రెండోరోజు, పాత పిండి కాస్త తోడు వేస్తే పులుస్తుందని ఆప్పాలమ్మ అంది. బాయిని అడిగితే, ఆ పాత పిండిలోనూ అదే ఉంది కదమ్మా అన్నాడు. అక్కడికీ మా అమ్మ, ఎంత చాదస్తమో చూడు అని గొణిగింది. అవ్వ కళ్ళెర్రజేసింది. పాత పిండే కాదు, ఏళ్ళ తరబడి కల్లు పీల్చిన ఆ మట్టికుండ కూడా వద్దంది. తనే బజారుకు పోయి కొత్త కుండ తెచ్చింది. ఆఖరికి దారి చూపించింది బాయి తల్లే. బియ్యం, గుప్పెడు మినప్పప్పు, నాలుగు మెంతులు, కాస్త అన్నం, కొబ్బరి మెత్తగా రుబ్బి, ఉప్పు ముందే వేసి, గరిటెతో కాకుండా చేత్తో చాలాసేపు కలిపి పెట్టమంది. ఆడి నెల ఉక్కకు తెల్లారేసరికి పిండి పొంగి మూత పైకి లేచింది. ముందటంత దూది కాదు గానీ, తినదగ్గ ఆప్పమే.

ఆ సాయంత్రమే అవ్వ నన్ను వెంటబెట్టుకుని గుమాస్తా తాత ఇంటికి పోయింది. ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"అన్నా, కల్లు తీసేసినాం. కుండ గూడా కొత్తది. రేపు వచ్చి తింటావా?"

"ఆయమ్మ చేతిది నేనెందుకు తింటాను?"

"కల్లు పోసినప్పుడు తింటివా?"

"ఎప్పుడూ తిన్లేదు."

"ఇప్పుడు పొయ్యలేదు, తినవు. పండగ అయిపోయినాక?"

"తినను, చెప్తాండా గదా!"

"అట్లయితే నీకోసం మేము మార్చాల్సింది ఏముండాది అన్నా? చెప్పు, మారుస్తాం."

గుమాస్తా తాత మనిషి చెడ్డవాడు కాదు, వీధిలో కరెంటు స్తంభం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆయనే. అయినా కుర్చీలోంచి లేచాడు. పొయ్యి వెలిగితే అమ్మవారు మీ గడప ముందు ఆగదు, చెప్పింది చెప్పినట్టే జరుగుతుంది అని లోపలికి పోయాడు. తిరిగి వస్తూ నేను అవ్వను అడిగాను, బాయి ముందు తప్పయిపోయింది అన్నావు, ఈయన దగ్గర ఎందుకు అనలేదని.

"బాయి తినే మనిషే. తినేవాడు వద్దంటే ఎందుకని అడగాల, సరిచేసుకోవాల. ఈయన ఎప్పుడూ తినబోయేది లేదు. ఇంగ ఎంత మార్చినా ఈయనకు యాడ సరిపోతాది?"

మర్నాడు పొద్దున పొయ్యి వెలిగింది. బాయి గిన్నెతో వచ్చాడు. దారం కట్టుకున్నవాళ్ళు కొందరు వచ్చారు, కొందరు అటువైపు నుంచి నడిచి పోయారు.

ఆఖరిరోజు సాయంత్రం అవ్వ గడప కడిగి, ముగ్గు వేసి, బిందె నిండా పసుపునీళ్ళు పెట్టుకుని, హారతి పళ్ళెం పట్టుకుని నిలబడింది. మా నాన్న ఇంట్లోంచి బయటికి రాలేదు. నేను అవ్వ పక్కనే ఉన్నాను. డప్పులు దగ్గరికొచ్చాయి. మా పక్కింటి ముందు అమ్మవారు ఆగింది. నీళ్ళు పోశారు, హారతి ఇచ్చారు. తర్వాత లేచి, మా ముందునుంచి ఆగకుండా నడిచి పోయింది. మోసేవాళ్ళలో మా చిన్నాన్న ఒకడు. తల తిప్పకుండా నేల చూస్తూ పోయాడు. మా తర్వాతి ఇంటి ముందు మళ్ళీ ఆగింది.

నేను బోరుమని ఏడ్చాను. అంతా నావల్లే అయిందని ఏడ్చాను. అవ్వ మాత్రం పళ్ళెంలో కర్పూరం వెలిగించి, వెనకనుంచి అమ్మవారి వీపుకే హారతి ఇచ్చింది. నీళ్ళు వీధిలో పోసింది. హారతి కళ్ళకద్దుకుని, ఊరేగింపు మలుపు తిరిగేదాకా గడపలోనే నిలబడింది. ఆమెకూ బాధే. బాధ లేదని నాకెప్పుడూ చెప్పలేదు.

మరుసటి ఏడు ఊరేగింపు మా గడప ముందు ఆగింది. ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. ఆప్పాలమ్మ ఇంకో ఆరేళ్ళు మా అరుగు మీదే చట్లు పెట్టింది. గుమాస్తా తాత చివరిదాకా తినలేదు.

ఇప్పుడు నేను అవ్వ వయసు దాటాను. పోయిన నెల మా ఎదురింటి కుర్రవాడు ఒక కాయితం తెచ్చాడు. ఊరి చివర ఫ్యాక్టరీలుండే తట్టాంచావడిలో ఏదో వర్క్‌షాపులో పని వాడికి, మంచి పిల్లవాడు, నాకు మందులు కూడా తెచ్చిపెడతాడు. మా వీధి మలుపులో కొత్తగా ఎద్దుమాంసం వేపుడు బండి ఒకటి వచ్చింది. గుడికి దగ్గరగా ఉంది, తీయించాలని మునిసిపాలిటీకి అర్జీ. వీధిలో చాలామంది సంతకాలు పెట్టేశారు. నాకు ఆ వాసన పడదు. నిజం చెబుతున్నాను, నేను కళ్ళజోడు పెట్టుకుని, పెన్ను అందుకుని, నా పేరులో మొదటి అక్షరం రాయబోయాను.

అప్పుడు నన్ను నేను అడిగాను. వాడు ఆ మాంసం మానేసి ఇంకేదైనా వేపితే పోయి తింటావా అని. తినను. బండి ఇంకో నాలుగడుగులు జరిపితే? తినను. వాడి చేత్తో ఇడ్లీ పెట్టినా? ఇక్కడ కాస్త ఆగాను. ఆగినందుకు నామీద నాకే అసహ్యం వేసింది. కాయితం మడిచి కుర్రవాడికి ఇచ్చేశాను. ఏం పెద్దమ్మా అన్నాడు. నాకు అందులో పని లేదు నాయనా అన్నాను. వాడికి కోపం వచ్చింది. రెండు వారాలు నా మందులు నేనే తెచ్చుకున్నాను.

వాసన ఇప్పటికీ పడదు. సాయంత్రం ఆ బండివాడు మూకుడు పెట్టే వేళకు లేచి, మా కిటికీ నేనే మూసుకుంటాను.