అత్త విమానం దిగిన సాయంత్రం

మొన్న రోడ్డు మీద టైరు కాలిన వాసనకు ఆ సాయంత్రం గుర్తొచ్చింది. మా అత్త అప్పుడు విమానం నడపడం నేర్చుకుంటోంది. చూపిస్తానని తాత చిన్నపిల్లగా ఉన్న నన్ను సైనిక్‌పురి నుంచి స్కూటర్ మీద విమానాలు దిగే మైదానానికి తీసుకెళ్లాడు. ఎవరో వచ్చి తాత చెవిలో ఏదో చెప్పారు. అత్త విమానం దిగకుండా మా నెత్తిమీదే చక్కర్లు కొడుతోంది.

“తాతా, అత్త నా కోసమే తిరుగుతుంది!”

“అవు బిడ్డా. నవ్వుకుంట చెయ్యి ఊపు,” అన్నాడు తాత.

ఊపుతూనే ఉన్నాను. చివరికి విమానం ఒక పక్క చక్రం మీదే దిగి, రెక్క నేలకు రాసుకుంటూ, పొగలో పక్కకు ఒరిగి ఆగింది. అత్త కుంటుతూ వచ్చింది.

“ఇంకోసారి తిప్పవా అత్తా?” అన్నాను. ఆమె తాత భుజం మీద వాలి ఏడ్చింది.

రెండో పక్క చక్రం బయటికి రాలేదని తాతకు ముందే తెలుసు. నా వంతు భయం కూడా ఆయనే పడ్డాడని పెద్దయ్యాక అర్థమైంది.