ఎర్రావు దాచిన దూడ

నాకు పెళ్ళయి అప్పటికి ఏడాది కాలేదు. యుద్ధం జరుగుతున్న రోజులు. తిరుపతిలో పుట్టి పెరిగిన నేను వడమాలపేటకు అవతల, కొండ కింద ఉన్న ఆవుల దొడ్డికి కోడలిగా వచ్చాను. ఇల్లూ దొడ్డీ ఒకే చోట. చుట్టూ ముళ్ళకంప, లోపల ముప్పై నలభై పశువులు, వాటి మధ్య మేము ముగ్గురం: మా అత్త, మా ఆయన, నేను. మామ నేను రాకముందే పోయాడు. దొడ్డి అంతా అత్త నోటి మీద నడిచేది. ఆమె గట్టిగా ఒక కేక వేస్తే కొండవాలులో మేస్తున్న ఆవులు కూడా తలెత్తి చూసేవి.

మా అమ్మకూ అత్తకూ సరిగా మాటల్లేవు. పెళ్ళినాడు వచ్చిన చిక్కు అది. బంతిలో అమ్మ పెరుగు వడ్డిస్తుంటే అత్త ఆకులోకి వంగి చూసి, "దీంట్లో మొగం సూసుకోవచ్చు వదినా" అంది. చుట్టుపక్కల వాళ్ళంతా నవ్వారు. తిరుపతిలో పాలవాడు పోసే నీళ్ళతో మా అమ్మ మాత్రం ఏం చేస్తుంది? అత్త పుట్టింది మొదలు గట్టి పెరుగు తప్ప ఎరగని మనిషి, నోటికొచ్చింది అనేసింది. కానీ అమ్మ ఆ మాటను ఎంగిలాకులతోపాటు పారేయలేదు, ఇంటికి తెచ్చుకుంది. ఆ తర్వాత మా దొడ్డి గడప తొక్కలేదు.

ఇట్లా ఉండగా ఎర్రావు నిండుచూడితో ఉంది. అత్త ఒకరోజు దాని తోక మొదలు తడిమి చూసి, తిరుపతికి కట్టెలు తోలుకుపోయే బండివాడితో కబురంపింది. "శని, ఆదివారాల్లో ఈనేటట్టు ఉండాది. జున్నుకు రమ్మను."

జున్ను అంటే మా నాయనకు ప్రాణం. పట్నంలో జున్నుపాలు దొరకవు, దొరికినా వాటిలోనూ నీళ్ళు కలుపుతారని ఆయన బాధ. ఆయన పనిచేసే కచేరీ శనివారం సగం పూటే. మధ్యాహ్నం అమ్మను వెంటబెట్టుకొని బొగ్గుతో నడిచే బస్సెక్కాడు. దారిలో మిట్ట దగ్గర బస్సు మొరాయిస్తే మగవాళ్ళందరూ దిగి తోశారట. నాయన బస్సు వెనక బొగ్గుపొయ్యి ఉన్న వైపు నిలబడి తోసినట్టున్నాడు, మా వాకిట్లోకి వచ్చేసరికి ముఖాన కనుగుడ్లు మాత్రమే తెల్లగా ఉన్నాయి.

అమ్మ లోపలికి వస్తూనే, ఎవరూ అడక్కముందే చెప్పింది. "నేను నా బిడ్డను సూసేదానికి వచ్చినాను. జున్ను కోసరం కాదు."

"బిడ్డ ఈడే ఉండాది, సూడు వదినా" అంది అత్త.

నాయన ముఖం కూడా కడుక్కోకుండా నేరుగా ఎర్రావు దగ్గరికి వెళ్ళాడు. అది ఆ నల్లటి ముఖాన్ని చూసి బెదిరి వెనక్కి జరిగింది. ఆయన దూరంగానే నిలబడి, కచేరీలో పై అధికారితో మాట్లాడేటంత వినయంగా, "ఏమ్మా, ఎట్లుండాది ఒళ్ళు?" అని అడిగాడు. పొద్దు గూకేలోపు ఎన్నిసార్లు వెళ్ళి చూసి వచ్చాడో లెక్క లేదు. చివరికి అత్త, "అన్నా, నువ్వట్లా గుడ్లప్పగించి సూస్తా ఉంటే అది ఎట్లా ఈనుతాది? దానికి సిగ్గుండదా?" అని కసిరితే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఎర్రావు ఈనలేదు. పొద్దున లేచి చూస్తే కంపలో ఒక మూల సందు, ఎర్రావు లేదు.

మేమింకా వెతకడానికి బయలుదేరకముందే, ఎండెక్కే వేళకు అదే వచ్చింది. పొట్ట లోపలికి పోయి ఉంది. పొదుగు నిండి ఉంది. ఏమీ ఎరగనట్టు కుడితితొట్టి దగ్గరికి పోయి తాగడం మొదలుపెట్టింది.

"దొంగముండ! ఈనేసి దూడను యాడో దాచిపెట్టి వచ్చినాది" అంది అత్త, కోపంగానే అయినా కొంచెం గర్వంగా.

నాయన ముఖం వెలిగింది. "పాలున్నాయి కదమ్మా, పిండేస్తే సరి."

"దూడ మూతి పెట్టనిదే అది చుక్క చేపదన్నా. అయినా కొండలో నక్కలుండాయి. ముందు దూడ."

ఈనిన ఆవు దూడ దగ్గరికి పోక తప్పదు, దాని వెనకే పోతే దొరుకుతుందని అత్త ఉపాయం. కాకపోతే మనం వెంటపడుతున్నట్టు దానికి తెలియకూడదు. "దాని దిక్కు సూడొద్దండి. ఏదో పని మీద పోతా ఉన్నట్టు పోండి" అని అందరికీ చెప్పింది. మా ఆయన గడ్డి కోస్తున్నట్టు కొడవలి పట్టుకున్నాడు. నేను పుల్లలు ఏరుతున్నట్టు వంగి నడిచాను. నాయనకు ఏ పనీ తోచక చేతులు వెనక్కి కట్టుకొని, ఆకాశం వైపు చూస్తూ, "ఆహా, గాలి ఎంత బాగుండాది!" అని ఆవుకు వినపడేటట్టు అంటూ నడిచాడు. గాలికి ఆకు కూడా కదలడం లేదు.

ఎర్రావు మమ్మల్ని వంక దాకా నడిపించింది. అక్కడ కాసేపు నీళ్ళు తాగింది. వంక దాటి గుట్ట చుట్టూ తిప్పింది. మళ్ళీ వంక దగ్గరికే తెచ్చి, నీడ చూసుకొని పడుకొని నెమరు వేయసాగింది. మేము ఎండలో నిలబడి ఎటో చూస్తున్నాం. నాయన మెచ్చుకోవాల్సిన గాలి అయిపోయి కొండను మెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

"ఇది మనల్ని ఆడిస్తా ఉండాది. దూడ అటుపక్క ఉండాదేమో" అని అమ్మ దొడ్డి వైపు చెయ్యి చూపింది.

"ఆవుల సంగతి నాకు తెల్దా వదినా?"

"నీకే తెలుసు. నాకేం తెలుసు, నీళ్ళపాల దాన్ని" అని అమ్మ ఒక్క విసురు విసిరి, "నాకు కాళ్ళు పీకుతా ఉండాయి, మీరు తిరగండి" అంటూ వచ్చిన దారినే వెనక్కి నడిచింది. అత్త "కొత్త చోటు, పాములుండాయి, ఒక్కతే పోయింది" అని గొణిగి నన్ను రమ్మని సైగ చేసింది. ఇద్దరం దూరంగా అమ్మ వెనక నడిచాం.

దొడ్డికి కూతవేటు దూరంలో ఒక బండ, దాని పక్కన కలేకాయల పొద ఉన్నాయి. అమ్మ బండ నీడన కూలబడి కొంగుతో విసురుకుంటూ, చుట్టూ ఎవరూ లేరనుకొని పైకే మాట్లాడుతోంది. "మొగం సూసుకోవాలంట! ఆ మొగాన్ని సూసుకొనేదానికి పెరుగెందుకు, దొడ్లో కుడితితొట్టి సాలదా?" మేము బండ వెనక నిలిచిపోయాం. నాకు అత్త వైపు చూసే ధైర్యం లేదు. అమ్మ ఇంకా చాలా అంది. అత్త ముక్కు గురించి అంది, గొంతు గురించి అంది, పెళ్ళికి కట్టుకొచ్చిన చీర గురించి కూడా అంది.

అంతలో పొదలోంచి "అంబే" అని సన్నగా వినిపించింది.

అమ్మ ఉలిక్కిపడి లేచింది. పొదలోంచి తడి ఆరీఆరని ఎర్రటి పెయ్యదూడ తూలుకుంటూ వచ్చి, తల్లి అనుకుందో ఏమో, అమ్మ చీరకుచ్చిళ్ళు నోట్లో పెట్టుకొని చప్పరించసాగింది. "ఓయమ్మా! ఈడుండాది! దూడ ఈడుండాది!" అని అమ్మ వేసిన కేకలు మాకే కాదు, వంక దగ్గర పడుకున్న ఎర్రావుకు కూడా వినిపించాయి. తోక పైకెత్తి, కొమ్ములు వంచి పరుగున వస్తున్న దాన్ని చూసి, కాళ్ళు పీకుతున్నాయన్న మా అమ్మ ఆ బండ పైకి ఎట్లా ఎక్కిందో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

అత్త ముందుకు దూకి ఒక కేక వేసింది. ఎర్రావు ఆగి, దూడను వాసన చూసి నాకడం మొదలుపెట్టింది. బండ మీద అమ్మ ఉండిపోయింది. ఎక్కిన దారి దిగడానికి కనిపించడం లేదు.

అత్త బండకు ఆనుకొని వంగింది. "నా బుజం మీద కాలు పెట్టి దిగు వదినా."

"అయ్యో, వియ్యపురాలి బుజాన కాలు పెట్టేదా? పాపం తగల్దా?"

"నా ముక్కునీ గొంతునీ అన్ని మాట్లంటివి, బుజం ఒకటి విడిచిపెట్టేదెందుకు?"

 వంగిన అత్త వీపు కదులుతోంది. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. నవ్వుతోంది. పైన అమ్మకు కూడా నవ్వు ఆగలేదు. ఆ నవ్వులోనే కాలు పెట్టి దిగబోయి, ఇద్దరూ కలిసి గడ్డిలో పడ్డారు. మా ఆయనా నాయనా పరుగున వచ్చేసరికి ఇద్దరూ లేవకుండా అట్లాగే కూర్చొని ఉన్నారు.

"ఆ పెరుగు మాట నేను అనుండకూడదు" అంది అత్త, గడ్డి దులుపుకుంటూ.

"పెరుగు పలచనే కదా" అంది అమ్మ.

మా ఆయన దూడను భుజాల మీద వేసుకొని నడిస్తే, ఎర్రావు ఆయన వీపును పొడుస్తూ పొడుస్తూ వెంట వచ్చింది. దూడ కడుపునిండా తాగాక అత్త పాలు పిండింది. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి నేను జున్ను ఆవిరికి పెట్టాను. సాయంత్రం బస్సుకు వేళవుతోంది. మర్నాడు కచేరీ ఉందని నాయన పొయ్యి ముందే కూర్చున్నాడు. దించీ దించగానే వేడివేడిది నోట్లో వేసుకొని, కళ్ళ వెంబడి నీళ్ళు కారుతుంటే, "అమృతం!" అన్నాడు. నాలుక కాలి మూడు రోజులు ఉప్పూ కారమూ తెలియలేదట. జున్ను రుచి కూడా తెలియలేదని ఆ తర్వాత ఎప్పుడో ఒప్పుకున్నాడు.

బస్సెక్కింది నాయన ఒక్కడే. అమ్మ ఉండిపోయింది. ఇంక నా పని చూడాలి. ఇద్దరూ అరుగు మీద కూర్చొని నేను సంగటి గెలికే తీరు, పేడ ఎత్తే తీరు, జడ వేసుకునే తీరు అన్నీ కలిసి విచారించేవారు. "సిన్నప్పట్నుంచీ ఇంతే వదినా" అని అమ్మ, "నేను సెప్తే ఇనదు, నువ్వన్నా సెప్పు" అని అత్త. ఆ వారమంతా నాకు ఇద్దరు అత్తలు.

శనివారం అమ్మను తీసుకుపోవడానికి నాయన వచ్చాడు. ఈసారి ముఖం శుభ్రంగానే ఉంది, చేతిలో మూతున్న గిన్నె ఒకటి ఉంది. అప్పటికి ఎర్రావు పాలు మామూలు పాలైపోయాయని చెబితే ఆ గిన్నెను అరుగు మీద పెట్టి కూర్చున్నాడు. తర్వాత లేచి దొడ్డిలోకి వెళ్ళి, ఒక్కొక్క ఆవునే పొట్ట వంక చూస్తూ తిరగసాగాడు.