గడ్డి విశ్రమించిన ఏళ్లు

మా సంఘం మినిట్సు పుస్తకంలో గోల్ఫు గురించి రాసినంతగా పరలోకం గురించి రాయలేదు. సంఘ కార్యదర్శిగా ఈ మాట ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంటుంది. కానీ తప్పు మాది కాదు, మేమున్న చోటుది. సెమిలిగుడ దాటి నందపూర్ వైపు కొంతదూరం వెళితే కొండవాలులో ఆఫీసర్ల క్లబ్బు, దాని గోల్ఫు మైదానం ఉంటాయి. మైదానం చివర, బంతిని పడెయ్యాల్సిన ఏడో గుంట పక్కనే, రేకుల కప్పుతో మా తెలుగు ప్రార్థన మందిరం. ఏటా చలికాలంలో ఆటే బతుకుతెరువైన వాళ్లు విశాఖపట్నం నుంచి, కలకత్తా నుంచి వచ్చి అక్కడ కప్పు కోసం పోటీ పడతారు. శుక్రవారం మొదలై ఆదివారం ముగుస్తుంది. ఆ ఆదివారం మా పాటలూ డప్పూ వాళ్ల గురి చెడగొడతాయని, తొమ్మిదింటి ఆరాధనను ఆరింటికి మార్చుకుంటాం. మంచులో పళ్లు టకటకలాడుతుండగా స్తోత్రం చెప్పుకుంటాం. పుస్తకంలో ఒక వాక్యం రాస్తాం: "గోల్ఫు కారణంగా ఆరాధన ఆరు గంటలకు."

శ్రీకాకుళం పల్లె నుంచి వచ్చిన మా నాన్న ఆ మైదానంలో బతికినన్నాళ్లూ గడ్డి కోశాడు. ఆయన తర్వాత ఆ పని నాకొచ్చింది. ఆటగాళ్లు మారారు, కప్పు మీద పేర్లు మారాయి. గడ్డి మాత్రం మా ఇంటి పనిగానే ఉండిపోయింది.

ఒకరోజు క్లబ్బు సెక్రెటరీ పిలిపించాడు. ఆయనది విజయనగరం. నేను పాస్టర్ని కానని ఎన్నిసార్లు చెప్పినా, తాగనివాడెవడైనా ఆయనకు పాస్టరే.

"ఏం పాస్టరూ, నీ దగ్గరేదో పుస్తకం ఉందటగా? పోటీ జరిగిన ప్రతి ఏడూ అందులో ఉందట."

"అది సంఘం పుస్తకం సార్."

"మా ఫైళ్లన్నీ చెదలు తినేశాయోయ్. ఇది పాతికో పోటీ, సిల్వర్ జూబ్లీ. సావనీరులో నాలుగు పేజీల చరిత్ర ఉండాలి. నువ్వు రాసిచ్చెయ్."

జూబ్లీ అనే మాట మా లేఖనాల్లోది. ఆ ఏడు వస్తే బందీలను విడిచిపెట్టాలి, ఎవరి భూమి వాళ్లకు తిరిగి ఇచ్చెయ్యాలి. క్లబ్బువారి జూబ్లీకి మగ్గులు పంచుతున్నారు.

నేనూ ఒక కోరిక కోరాను. మూడేళ్ల కిందట మైదానం చుట్టూ ముళ్లకంచె వేశారు. పనివాళ్లం ఉండే లైను ఇళ్ల నుంచి ఏడో గుంట అంచున మందిరానికి వెళ్లే కాలిబాటకు ఇనప గేటు పెట్టి తాళం వేశారు. అప్పటినుంచి అందరం లారీల రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్తున్నాం. మా అమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి. బాటన అయితే పది నిమిషాలు, రోడ్డున అయితే గంట. ఒకసారి నా స్కూటర్ మీంచి పడింది గనక మళ్లీ ఎక్కదు. గుణుపురం వైపు రైతుల ఆడపడుచు, ఒకసారి వద్దందంటే వద్దు.

"చరిత్ర తెచ్చియ్యి, తాళంచెవి పట్టుకెళ్లు" అన్నాడు సెక్రెటరీ.

ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను. ఆరు గంటల ఆరాధనలు లెక్కపెట్టాను. ఈ ఏటిది కలిపినా ఇరవైమూడే. రెండేళ్లు పోటీ జరగలేదు. ఒక ఏడు తుఫాను. ఇంకో ఏడు క్లబ్బు అధ్యక్షుడెవరన్న తగవు. ఆ సంగతి చెబితే సెక్రెటరీ ముఖం పాలిపోయింది.

"మగ్గులొచ్చేశాయయ్యా! నాలుగువందల మగ్గుల మీద పాతిక అని అచ్చేసి ఉంది. మళ్లీ లెక్కపెట్టు."

"పదిసార్లు పెట్టాను సార్."

"నీ దేవుడు రెండు పోటీలు ఎక్కువ రాసుకుంటే ఏం పోతుంది?"

సంఘపెద్దలకు చెప్పాను. ప్రార్థించి నిర్ణయిద్దామన్నారు. చాలాసేపు ప్రార్థించారు. అందరిలోకీ పెద్దాయన ముందుగా కళ్లు తెరిచి, "ఒరే, గేటు ముక్యమా, లెక్క ముక్యమా?" అన్నాడు. అది ప్రశ్న కాదు, తీర్మానం. అబద్ధం రాయమని మాత్రం ఎవరూ అనలేదు. ఆ భాగం నాకు వదిలేశారు.

నేను అబద్ధం ఆడేవాణ్ని కాను. చిన్నప్పటినుంచి వాక్యం చదివినవాణ్ని, అబద్ధంతో నాకేం పని? ఏడో ఏట భూమిని దున్నకుండా విశ్రాంతి ఇమ్మని లేఖనంలో ఉంది. విశ్రాంతి ఏడు కూడా లెక్కలోకి వచ్చే ఏడే. కాబట్టి ఇలా రాశాను: "ఈ పోటీకి పాతికేళ్లు. అందులో రెండేళ్లు గడ్డి విశ్రమించింది." రాసి, నా తెలివికి దేవునికి వందనాలు చెప్పుకున్నాను. సెక్రెటరీ చదివి తొడ చరిచాడు. "నువ్వు మా క్లబ్బులో చేరాల్సినోడివయ్యా పాస్టరూ!" అని తాళంచెవి చేతిలో పెట్టాడు.

శనివారం సాయంత్రం అచ్చయిన సావనీరు ఇంటికి తెచ్చాను. అమ్మకు చదువు రాదు. నా కూతుర్ని పిలిచి, "అమ్మీ, మీ నాన్న ఏటి రాసేడో సదువు" అంది. పిల్ల చదివింది. గడ్డి విశ్రమించిన చోటికి రాగానే అమ్మ చెయ్యెత్తి ఆపింది.

"తుపాను ఏడా? ఆ ఏడు గడ్డి పడుకుందా?"

"అదొక మాటలే అమ్మా."

"ఏటి మాట? ఇరిగిపడిన సెట్లు నరకనేక మీ అయ్య సేతులు పుండ్లైపోనేదా? ఎనిమిది ఆదివారాలు ఆరాదనకి రానివ్వనేదు ఆ కిలబ్బోలు. ఆపైన మీ సంగపోల్లు ఆయన్ని నిలబెట్టి అడిగేరు. కానుకల పళ్లెం ఇంక నువ్వు పట్టొద్దన్నారు. మరి సచ్చిపోయిందాకా పట్టనేదు. గడ్డి పడుకుందట, గడ్డి!"

అమ్మ చెప్పింది నిజమే. ఆ సంగతి పుస్తకంలోనూ ఉంది. అదే ఏడు, అదే పేజీ: "విశ్రాంతి దినమున పనిచేసిన కారణంగా..." అని మొదలై నాన్న పేరుతో ముగుస్తుంది. లెక్కపెడుతూ ఆ వాక్యం మీదుగా నా వేలు జరిగింది. ఆగలేదు.

"రేపు గేటు తీస్తానమ్మా. పది నిమిషాల్లో వెళ్లిపోవచ్చు."

"నువ్వెల్లు. నాను రోడ్డునే ఎల్తాను."

మర్నాడు అన్నట్టే చేసింది. అయిదున్నరకే కర్ర పట్టుకుని రోడ్డున బయలుదేరింది. నేను గేటు తెరుచుకుని బాటన వెళ్లాను. మంచుకు తడిసిన గడ్డి చెప్పుల కింద మెత్తగా ఉంది. మందిరానికి అందరికంటే ముందు చేరాను. ప్రసంగం సగంలో ఉండగా అమ్మ వచ్చి, చివరి వరుసలో కూర్చుని, మోకాళ్లు రుద్దుకుంది. ఆనాటి ప్రసంగం సత్యం గురించి. పెద్దలందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

ఆరాధన అయ్యాక ఎర్రజెండా పట్టుకుని ఏడో గుంట దగ్గర నిలబడ్డాను. బంతి పొదల్లో పడితే చూపించడం నా పని. మధ్యాహ్నానికి విశాఖపట్నం ఆటగాడొకడు అందరికంటే ముందున్నాడు. అతని బంతి పెరిగిన గడ్డిలో, సరిగ్గా మా గేటు పక్కన పడింది. అతను కర్ర పెట్టి నిలబడ్డాడు. కొట్టకుండానే తల ఎత్తి, తన లెక్క రాస్తున్న తోటి ఆటగాణ్ని పిలిచాడు.

"బంతి కదిలింది. నా కర్ర తగిలే. నాకొక దెబ్బ ఎక్కువ వేసుకో."

"నేను చూడలేదే!"

"నేను చూశాను కదా."

అంతే. మళ్లీ వంగి ఆడాడు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. బంతి కదలడం నాకూ కనిపించలేదు. అతనికి ప్రసంగం ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఆమెన్ అనలేదు. ఈ ఆటలో తక్కువ దెబ్బల్లో ముగించినవాడిదే కప్పు. ఆ ఒక్క దెబ్బ తేడాతోనే సాయంత్రం దాన్ని పోగొట్టుకున్నాడు. పోగొట్టుకుని, క్యాంటీన్‌లో నిలబడి మిరపకాయ బజ్జీలు తిన్నాడు.

షామియానా కింద ముఖ్య అతిథి నా వాక్యమే పట్టుకుని ప్రసంగించాడు. రెండేళ్లు గడ్డికి విశ్రాంతినిచ్చిన ఈ క్లబ్బు పర్యావరణం విషయంలో దేశానికే దారి చూపించిందన్నాడు. చప్పట్లు మోగాయి. మోగుతుండగానే సెక్రెటరీ దగ్గరికి వెళ్లాను.

"సార్, అది తప్పు. ఇరవైమూడే. ఆ రెండేళ్లూ గడ్డి విశ్రమించలేదు. మా నాన్న ఆదివారాలు కూడా పనిచేశాడు. సరిచేసి ఒక కాగితం అచ్చువేసి పంచండి."

ఆయన చేతిలో పాతిక మగ్గు ఉంది. అందులో ఉన్నది టీ కాదు.

"పిచ్చెక్కిందా పాస్టరూ? ఆ నాలుగు పేజీలు ఎవడు చదివాడనుకున్నావు?"

"మా అమ్మ వింది సార్."

"అయితే తాళంచెవి అక్కడ పెట్టి, నీ ఇరవైమూడు నువ్వు పట్టుకుపో."

బల్ల మీద పెట్టేశాను. ఇంటికొచ్చి మినిట్సు పుస్తకం తీసి, నేను రాసింది, దాచింది, తిరిగి ఇచ్చింది అన్నీ రాశాను. నాన్న మీద చేసిన తీర్మానం తప్పని కూడా రాశాను. దాని కింద సంతకం చెయ్యడానికి పెద్దలు ఇంకా ప్రార్థిస్తూనే ఉన్నారు.

తర్వాతి ఆదివారం అమ్మతో పాటు రోడ్డున నడిచాను. లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. సగం దూరం వచ్చాక రాయి మీద కూలబడి మోకాలు పట్టుకుంది.

"తాళంసెవి ఇచ్చేసేవా?"

"ఇచ్చేశానమ్మా." ఒక మంచిమాట వస్తుందని ఎదురుచూశాను. అమ్మ కర్రతో దూరాన కంచె వైపు చూపించింది.

"ఒరే, సెమిలిగుడ జంచన్ల తాళాలోడు ఉన్నాడు గదరా. ఇచ్చీముందల ఇంకోటి సేయించుకోవాలని తోచనేదా నీకు?"