అద్దం అవతల మా ఆవిడ

నాలోంచి పనికొచ్చే సరుకు ఏదైనా బయటకు తీయొచ్చని మా బడి మాస్టారు ఏనాడూ నమ్మలేదు. ఆరో తరగతిలోనే ఆయన నన్ను వదిలేశారు, నేను బడిని వదిలేశాను. విశాఖలో కేన్సరు డాక్టరు గారు మాత్రం తీస్తానన్నారు. ఎముకల మూలుగలో పట్టిన జబ్బు నాది. నా రక్తంలోంచే మూలకణాలు తీసి, చలిపెట్టెలో మంచులా గడ్డకట్టించి దాచి, గట్టి మందుతో మూలుగంతా ఊడ్చేసి, మళ్లీ అవే నాకు ఎక్కిస్తారట.

"అవి లోపల పట్టుకుంటే బాగుపడతావు. పట్టుకోకపోతే..." అని ఆగారు.

"మీకు చెప్పకుండా ఎక్కడికీ పోను లెండి," అన్నాను.

ఆయన నవ్వారు. పక్కనే కూచున్న మా ఆవిడ నవ్వలేదు. తిట్టనూ లేదు. అక్కడే నాకు భయం పట్టుకుంది.

అరకు పైన మా కొండ మీద కాఫీ పళ్లు కోసే రోజుల్లో ఆవిడ తిట్టు పడందే నా బుట్ట నిండేది కాదు. పక్క వరస వాళ్లకి నేను కబుర్లు చెబుతుంటే, మిరియాల పాదు అవతల నుంచి కేక వచ్చేది. "పళ్లు సేత్తో కోత్తావా, నోటితో కోత్తావా?" తోటంతా నవ్వేది. నాకు ఒళ్లు తేలికయ్యేది.

ఆస్పత్రి గదిలో నన్నొక్కణ్నే ఉంచారు. అద్దం అవతల ఆవిడ, చెవి దగ్గర ఫోను. కణాల సంచి ఎక్కిస్తుంటే గదంతా ఉడకేసిన మొక్కజొన్న వాసన. అదీ నా ఊపిరిలోంచే! కణాలు పాడవకుండా కలిపిన మందు అలా వాసనొస్తుందని సిస్టరమ్మ చెప్పింది. కళ్లు మూసుకుంటే బయట వాన, లోపల మా పొయ్యి, కుండలో కండెలు కుక్కుతూ ఆవిడ. పొగకి కళ్లు మండినట్టే అయింది.

"ఏటే, నన్నిక్కడ ఉడకేత్తన్నారు. ఉప్పట్టుకు రా," అన్నాను ఫోనులో.

"నువ్వు పడుకోయ్యా," అంది మెత్తగా.

తర్వాత జ్వరం, నోరంతా పుళ్లు. ఉమ్మి మింగాలన్నా కళ్లనీళ్లే. రోజూ పొద్దున్నే రక్తం తీసుకెళ్లేవారు, కణాలింకా పట్టుకోలేదని రోజూ సిస్టరమ్మ తల అడ్డంగా ఊపేది. మా ఆవిడ అద్దానికి అరచెయ్యి ఆనించి, "తగ్గిపోద్దిలే" అనేది. పెళ్లయ్యాక అంత తియ్యటి మాట నేనెరగను. నాకది వద్దు. ఒక్క తిట్టు కావాలి. కొండ మీద అందరికీ వినబడేంత పెద్దది.

ఒక పొద్దున సిస్టరమ్మ నవ్వుతూ వచ్చింది. తెల్లకణాలు లేచాయట. ఎక్కించినవి పట్టుకున్నాయట. పుళ్ల నోటితోనే ఫోను అందుకున్నాను.

"వింటన్నావా? నాకిప్పుడు కొత్త రక్తమంట. కొత్త పెళ్లికొడుకుని. పిల్లని సూత్తావా?"

అద్దం అవతల కొంగు కళ్ల మీదకి వెళ్లింది. ముక్కు చీది, ఫోను అక్కర్లేనంత గట్టిగా అంది:

"కొత్తదేటి, నీ మొగం! నీదే తీసి నీకే పోసినారు కదా. ఇంకెవులిదైనా పోసుంటే బుద్ధయినా వచ్చీది!"