కాస్త కాలెత్తండి

ఎవరైనా ఎదురైతే లోకం మొహం చూస్తుంది. మాస్టారు కాళ్ళు చూస్తారు. తర్వాత వంగి, జేబులోంచి ఆరంగుళాల స్కేలు తీసి, "కాస్త కాలెత్తండి" అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆయన పలకరింపు ఇదే. కుశలప్రశ్నలు ఆ తర్వాత, తీరికుంటే.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. ధ్రువానికి దగ్గర్లో, చెట్లు మనిషి చీలమండ దాటని చోట ఆయన మొక్కల ఎత్తు కొలుస్తారు. అక్కడి విల్లో చెట్టుకి అరవై ఏళ్ళుంటాయి, ఎత్తు అగ్గిపెట్టెంత. ఆ అడవిలో తప్పిపోతామన్న భయం ఎవరికీ లేదు. అడవిని తొక్కేస్తామనే భయం.

ఇంటికొచ్చినా అలవాటు పోలేదు. కూతురి పెళ్ళిలో అందరూ చూస్తుండగా వియ్యంకుడి కాలు పట్టుకున్నారు. మగపెళ్ళివారు పొంగిపోయారు.

"అయ్యో, ఇదేంటి బావగారూ! లేవండి, లేవండి!" అన్నాడు వియ్యంకుడు, ఆయన భుజాలు పట్టుకుని.

"లేవాల్సింది మీ కాలండీ. కింద నాచుంది."

ఆ పూట మాస్టారి భార్య వియ్యపురాలికి సర్దిచెప్పలేక చచ్చింది. "ఏమీ అనుకోకండి వదినగారూ. ఆయనకి మనిషంటే రెండు చెప్పులూ, వాటి పైన ఏదో ఒకటీ."

ఈ వేసవిలో ధ్రువం దగ్గరి శిబిరానికి కొత్త సహాయకురాలు వచ్చింది. ఆ ఉద్యోగం కోసం మూడేళ్ళు దరఖాస్తులు పెట్టిన అమ్మాయి. మొదటి రోజే మాస్టారు ఆమెను చెక్కబాట మీద నడిపించి, కొలతలు తీసే మడులన్నీ చూపించారు. కొన్ని మడుల చుట్టూ గాజులాంటి పలకలు నిలబెట్టి ఉన్నాయి.

"ఇదేంటి మాస్టారూ, మూతలేని పెట్టె?"

"లోపల ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. రేపు రాబోయే ఎండని ఈ రోజే పెట్టెలో పెట్టి చూస్తున్నాం."

"ఏం తేలింది?"

"ఏం తేలుతుంది? పొద ఎత్తు పెరిగింది. ఎత్తుకెదిగినవాళ్ళు చేసే పనే చేసింది. కిందున్న నాచుకి వెలుతురు లేకుండా చేసింది." పక్క మడి వైపు స్కేలు చూపించారు. "ఇప్పుడు పెట్టె లేని మడుల్లోనూ అదే మొదలైంది. నువ్వు కాస్త కాలెత్తు."

రాత్రికి ఆమె లెక్కపెట్టుకుంది. ముప్ఫై ఏడు సార్లు. కలలో కూడా కాలెత్తి పడుకుంది.

డైరెక్టరు ఏడాదికోసారి చిన్న విమానంలో వచ్చి, మూడు గంటలుండి వెళతారు. భూమి వేడెక్కడం మీద ఆయనది గొప్ప ఉపన్యాసం. హీటరు లేని గదిలో మాత్రం ఇవ్వరు. ఈసారీ దిగీ దిగగానే అడిగారు.

"ఎంత పెరిగాయండీ మన చెట్లు?"

"నాలుగు మిల్లీమీటర్లు."

"మరీ మిల్లీమీటర్లేంటండీ? పత్రికలవాళ్ళకి ఏం చెప్పుకోను? సెంటీమీటర్లలో చెప్పకూడదూ, కాస్త పెద్దగా ఉంటుంది."

"సెంటీమీటర్లలో ఇంకా చిన్నదవుతుందండీ."

డైరెక్టరు మాట మార్చి ఫొటో అడిగారు. కొత్తమ్మాయి కెమెరా పట్టుకుంది. "వెనక్కి పోమ్మా, కొండ కూడా పడాలి. ఇంకా. ఇంకా. ఇంకాస్త." మూడో 'ఇంకా' దగ్గర చెక్కబాట అయిపోయింది. ఆమె బూటు ఏడో మడిలో పడింది. చిటుక్కుమంది.

డైరెక్టరు మఫ్లరు సర్దుకుంటున్నారు, వినలేదు. ఆయన సంతకంతోనే వంటగుడారం మీద ఒక కాగితం అంటించి ఉంది: మడి తొక్కినవారు తర్వాతి విమానంలో ఇంటికి. తర్వాతి విమానం ఎదురుగానే నిలబడి ఉంది.

వంద అడుగుల అవతలున్న మాస్టారు మాత్రం విన్నారు. పరుగున వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నారు. అమ్మాయి తిట్ల కోసం చూసింది.

"కాస్త కాలెత్తమ్మా."

ఎత్తింది. కొమ్మ పదకొండు మిల్లీమీటర్లు విరిగింది. మాస్టారు రెండుసార్లు కొలిచి, స్కేలు జేబులో పెట్టుకుని, ఎన్నడూ ఎవర్నీ అడగని ప్రశ్న అడిగారు.

"కాలు మెలిక పడలేదు కదా?"

ఈలోగా డైరెక్టరు వచ్చేశారు. "ఏమైంది? తొక్కారా? ఎవరు?"

"నేనేనండీ."

అమ్మాయి నోరు తెరిచింది. మాస్టారు రిజిస్టరు చటుక్కున తెరిచి ఆమెకి అడ్డంగా నిలబడ్డారు. తేదీ, గంట, మడి, పదకొండు మిల్లీమీటర్లు, అన్నీ పొల్లుపోకుండా రాశారు. తొక్కినవారి గడిలో తన పేరు రాశారు. డైరెక్టరు ఆ రిజిస్టరు లాక్కుని వెనక్కి తిప్పారు.

"పోయినేడూ మీరే! అంతకు ముందేడూ మీరే! పంతొమ్మిది సార్లు! ఊరందరి కాళ్ళకీ కాపలా కాసే మనిషి, ఇవేం కాళ్ళండీ?"

"వయసండీ."

"మొదటిసారి మీకు ముప్ఫై తొమ్మిదే!"

"అప్పుడూ వయసేనండీ."

ఆయన్ని పంపేస్తే ఆ చెట్లు ఎక్కడున్నాయో కనిపెట్టే నాథుడు లేడు. అందుకని డైరెక్టరు శిక్ష తగ్గించారు: ఈ వేసవంతా మాస్టారు చెక్కబాట దిగకూడదు. విమానం వెళ్ళిపోయింది. అమ్మాయి ఉండిపోయింది.

ఆమె తిన్నగా వంటాయన దగ్గరికెళ్ళింది. శిబిరం పుట్టినప్పటి నుంచీ ఆయనే వంట. "నిజం చెప్పండి బాబాయ్. మాస్టారు పంతొమ్మిది సార్లు తొక్కారా?"

"ఆయనా? ఆయన నీడ కూడా పక్కకి జరిగి పడుతుంది. మొదటిది నాదే తల్లీ, టీ కెటిలు పట్టుకుని పడ్డాను. ఆరోది ఎవరిదో తెలుసా? మన డైరెక్టరుగారిది. అప్పుడు నీలాగే కొత్త."

"ఆయనకి గుర్తులేదా?"

"పెద్ద కుర్చీకి కాళ్ళే ఉంటాయమ్మా, జ్ఞాపకాలుండవు." వంటాయన గరిటె తిప్పాడు. "అందుకే మాస్టారు అందరి వెంటా పడతాడు, కాలెత్తు, కాలెత్తూ అని. తొక్కాక ఏడ్చే మొహం ఇంకోటి చూడలేక."

మర్నాడు పొద్దున, అంటే గడియారం ప్రకారం, సూర్యుడికి అక్కడ వేసవిలో అస్తమించే అలవాటు లేదు కాబట్టి, స్కేలు అమ్మాయి చేతికి వచ్చింది. మాస్టారు చెక్కబాట అంచున రిజిస్టరుతో కూర్చున్నారు. ఆమె ఏడో మడి మీదికి వంగింది. విరిగిన చోటికి పక్కనే, ఆవగింజంత మొగ్గ.

"కొలత చదువమ్మా," అన్నారు మాస్టారు.

ఆమె చదవలేదు. ఆయన బూట్ల వైపు చూసింది. అవి అంచు దాటి, నాచు మీదికి వేలాడుతున్నాయి.

"మాస్టారూ, కాస్త కాలెత్తండి."

మాస్టారు రెండు కాళ్ళూ ఎత్తారు. ఆ వరసలో కొలతలన్నీ పూర్తయ్యేదాకా దించలేదు.