మా వియ్యంకుడు వేయించిన పూత

పోయిన నెల ఒక పొద్దున కోదాడ నుంచి ఫోన్ వచ్చింది. మా వియ్యంకుడు, అంటే మా కోడలి తండ్రి, పోయారు. చాయ్ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, కుర్చీలోనే. చెప్పకుండా వెళ్ళడం ఆయనకు కొత్త కాదు. పెళ్ళిళ్ళలోనూ అంతే, పాన్ నోట్లో వేసుకుని బస్సెక్కేవారు.

ఆయన ఇంజనీరింగ్ కాలేజీలో కాంక్రీటు పాఠం చెప్పి రిటైరయ్యారు. నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఇద్దరు టీచర్లు వియ్యమందితే ఎవరి మాట ఎవరూ వినరు.

సూర్యాపేటలో మా ఇంటి కింద పరుపుల దుకాణం, పైన మేము. ఇంకో అంతస్తు వేద్దామని మా అబ్బాయి అంటే, పాత పిల్లర్లు మోయవని వియ్యంకుడు తేల్చారు. బలం కోసం ఫైబర్ గుడ్డను జిగురుతో పిల్లర్లకు చుట్టించారు. పట్టుచీర కట్టినట్టు మెరిశాయి. చూసి సంతోషించే లోపే, దానిమీద రెండంగుళాల మందాన మంటకు ఓర్చే పూత వేయాలన్నారు.

"గంత మందమా? నిండు చూలాళ్ళ లెక్క ఉంటయి. కాంక్రీటు ఏడన్న కాలుతదా అన్నయ్యా?" అన్నాను.

"కాంక్రీటు కాలదు చెల్లెమ్మా. జిగురు సంగతేంది? చాయ్ కాగే వేడికే మెత్తబడుద్ది. అప్పుడు గుడ్డ ఉన్నా లేనట్టే. బలం వేరు, ఓర్పు వేరు."

నేను నమ్మలేదు. మిర్యాలగూడలో తెలిసినవాళ్ళ రైస్‌మిల్లుకు తీసుకెళ్ళారు. గుడ్డ చుట్టిన రెండు కాంక్రీటు ముక్కలను ఊక మండే పొయ్యిలో పెట్టించారు. ఒకదానికి పూత ఉంది, ఒకదానికి లేదు. తీసి చూస్తే పూత లేనిదాని గుడ్డ మాడిన అట్టులా లేచి ఉంది. రెండోదాని పూత చెక్కితే లోపల గుడ్డ పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. గెలిచినప్పుడల్లా అదే పని. నాకు ఒళ్ళు మండిపోయేది.

పూత పడింది. కొన్నాళ్ళకు పరుపులాయన వచ్చాడు. "టీచరమ్మా, మూల పిల్లర్ అడ్డమొస్తుంది. పరుపులు పెట్టే రాక్ పడతలేదు. జర చెక్కుకుంటా."

"చెక్కుకో. ఒక్కదానికి ఏమైతది" అన్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఎండాకాలం మిట్టమధ్యాహ్నం దుకాణం అంటుకుంది. కోడలు నా రెక్క పట్టుకుని వెనక మెట్ల మీదుగా దించింది. నా మోకాళ్ళతో అదొక యాత్ర. ఫైరింజన్ వచ్చి ఆర్పేదాకా ఇల్లు నిలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు.

వియ్యంకుడు కోదాడ బస్సు దిగి నేరుగా దుకాణంలోకి నడిచారు. చిన్న సుత్తితో ఒక్కో పిల్లర్ కొట్టి వింటూ మూలదాని దగ్గర ఆగారు. గుడ్డ ఊడి వేలాడుతోంది. మిగిలిన పూత అంచున ఉలి దెబ్బలు. వాటిని చూశారు. తర్వాత నన్ను చూశారు. ముప్పై ఏళ్ళు పిల్లల చేత తప్పులు ఒప్పించిన నోరు నాది. పెగల్లేదు.

"మామా, గిదొక్కటే గిట్ల ఎందుకైంది?" అన్నాడు మా అబ్బాయి.

"దీనికి పూత సరిగ్గా వేయించలే. నాదే పొరపాటు."

కోడలు మండిపడింది. "పైన మేమున్నం గద నాన్నా! ఊరందరికీ పాఠం చెప్తవ్, కూతురి ఇంటికొచ్చేసరికి గింతేనా?"

ఆయన తలూపారు, అంతే. ఆ పిల్లర్‌కు జాకీలు ఆనించి, మళ్ళీ గుడ్డ చుట్టించి, మళ్ళీ పూత వేయించారు. స్టూలు మీద కూర్చుని, పచ్చి పూతలో మేకు గుచ్చి గుచ్చి మందం చూసుకున్నారు. ఎవరూ లేనప్పుడు చాయ్ ఇస్తూ, "అన్నయ్యా, ఆ పిల్లరు..." అని మొదలుపెట్టాను.

"చక్కెర తక్కువైంది చెల్లెమ్మా" అన్నారు.

ఆ తర్వాత మేము వాదించుకోని విషయం లేదు. ఆ పిల్లరు మాట ఎత్తి ఆయన నా నోరు ఎన్నిసార్లు మూయించగలిగేవారో! ఒక్కసారీ వాడుకోలేదు. నాలాంటి నోటి ముందు అంత మర్యాద నిలుపుకోవడం మామూలు మనిషి పని కాదు.

ఆయన పెద్దకర్మ నాడు కోదాడలో, చుట్టాలంతా వెళ్ళాక, కొడుకునూ కోడలినీ కూర్చోబెట్టి పిల్లరు సంగతి చెప్పేశాను. అబ్బాయి నేల చూపులు చూశాడు.

"ఆ రోజు నాన్నను ఎన్ని మాటలన్న అత్తమ్మా" అంది కోడలు.

నన్ను ఏమీ అనలేదు. లేచి వెళ్ళి ఆయన ఫొటోకు వేసిన దండ సర్దింది. దండ వంకరగా ఏమీ లేదు. రెండడుగులు వెనక్కి వచ్చి, చూసి, మళ్ళీ వెళ్ళి సర్దింది.